అర్బన్ ఫాంటసీ మాడ్యూల్ మొదటి గంటలోనే కూలిపోతోంది, ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. టేబుల్ చుట్టూ కూర్చుని పాత్రలు ధరించి ఆడే రోల్-ప్లేయింగ్ ఆటల్లో ఇన్నాళ్లూ డంజన్లు (భూగర్భ గదుల్లో సాగే సాహసాలు) నడిపారు. ఇప్పుడు అర్బన్ ఫాంటసీలో, అంటే మాయ కలిసిన నేటి నగరంలో జరిగే మాడ్యూల్ (ఆడటానికి సిద్ధంగా రాసిన సాహసం) ఒకటి రాశారు. నగరంలో మనుషులు మాయమవుతుంటారు, దాని వెనక భూమి అడుగున ఏదో పాత శక్తి ఉంటుంది, చివర్లో పాడుబడ్డ సొరంగంలో పోరాటం. ప్లేటెస్టులో (రాసింది పనిచేస్తుందా అని ఆడి చూసినప్పుడు) మొదటి సీను అయ్యీ అవగానే ఒక ప్లేయరు "పోలీసులకి ఫోన్ చేస్తా" అన్నాడు. ఇంకొకరు సీసీటీవీ ఫుటేజీ కావాలన్నారు. మూడో ఆవిడ "ఇందులో మనకేం పని, ఇంటికి పోదాం పదండి" అంది. మీరు పోలీసులు ఫోనెత్తలేదన్నారు, కెమెరా చెడిపోయిందన్నారు, ఇంటికి వెళ్లే దారిలో రాక్షసుణ్ణి దింపారు. ఆ తర్వాత టేబుల్ దగ్గర ఎవరికీ ఉత్సాహం మిగల్లేదు. ఎన్‌కౌంటర్లు (పాత్రలకి ఎదురయ్యే పోరాటాలు, సవాళ్లు) ఇంకా బాగా రాయాలా, సిస్టమే (ఆట రూల్సే) మార్చాలా అని అడుగుతున్నారు.

ప్రస్తుతానికి ఆ రెండింటి జోలికీ పోకండి. అసలు చిక్కు గోడలతో వచ్చింది.

డంజన్‌లో గోడలు మీ తరఫున ఎంత పని చేసిపెడతాయో ఆలోచించండి. ఎటు వెళ్లాలో చెబుతాయి, ఎటు వెళ్లకూడదో చెబుతాయి. ఒక గదిలోని జీవి పక్క గది సంగతిలో తలదూర్చకుండా ఆపుతాయి. బయటివాళ్ల సాయం అందకుండా చేస్తాయి. వెనక్కి తిరిగి వెళ్లడం తేలిక కాదు కాబట్టి ప్లేయర్లని లోపలే ఉంచుతాయి. నగరంలోకి రాగానే ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి. ఎటైనా వెళ్లొచ్చు, ఎవరినైనా అడగొచ్చు, ఎప్పుడైనా తప్పుకోవచ్చు. ఇంతకాలం గోడలు చేసిన ఈ పనులన్నీ ఇప్పుడు ఎవరు చేయాలన్నది మాడ్యూల్ రాసేవాళ్లు ముందే తేల్చుకోవాలి. తేల్చుకోకపోతే ఆట మధ్యలో జీఎం (ఆట నడిపే గేమ్ మాస్టర్) చేత్తో అప్పటికప్పుడు గోడలు కట్టాల్సి వస్తుంది. కెమెరా చెడిపోవడం అలాంటి గోడే. ప్లేయర్లు దాన్ని ఇట్టే పసిగడతారు.

నా లెక్కన నగరంలో గోడలుగా పనికొచ్చేవి మూడే మూడు: రహస్యం, బంధాలు, సమయం. మాడ్యూల్‌లో మిగతాదంతా వీటి చుట్టూ అల్లుకోవాలి.

ముందు రహస్యం సంగతి. మీ నగరంలో మాయ ఉందన్న సంగతి మామూలు జనానికి తెలుసా, తెలియదా? మీ రాతప్రతిలో ఇది ఎక్కడా తేల్చలేదు. 1989లో వచ్చిన షాడోరన్ అనే ఆటలో మాయ లోకమంతటికీ తెలిసిన విషయం. కార్పొరేట్ కంపెనీలు మాంత్రికుల్ని జీతానికి పెట్టుకుంటాయి, డ్రాగన్లు బోర్డు మీటింగుల్లో కూర్చుంటాయి. అక్కడ పోలీసుల్ని పిలిస్తే వాళ్లూ మంత్రగాణ్ణి వెంటబెట్టుకుని వస్తారు. 1991లో వచ్చిన వాంపైర్: ది మాస్కరేడ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. రక్తపిశాచులు తమ ఉనికిని మనుషుల కంట పడకుండా దాచుకోవడమే ఆ సమాజంలో మొదటి చట్టం, ఆ చట్టం పేరే ఆట పేరులో ఉంది. రెండూ నగరాల్లోనే నడుస్తాయి, కానీ ఒకదానికి రాసిన సాహసం రెండోదాంట్లో పనిచేయదు.

మాయ రహస్యమే అనుకుంటే ఆగకండి. ఆ రహస్యం బయటపడితే ఎవరికి ఏం నష్టమో రాసుకోండి. "రహస్యంగా ఉంచాలి" అని రూలు పెడితే ప్లేయర్లు తప్పక దాన్ని మీరతారు, మీరడంలో ఉన్న సరదా అలాంటిది. అదే, రహస్యం బయటపడితే మొదట నష్టపోయేది తాము కాపాడదామనుకున్న మనిషేనని తెలిస్తే వాళ్లంతట వాళ్లే నోరు కట్టేసుకుంటారు. ఈ పని ఏ రూలూ చేయలేదు.

ఇలా గాల్లో చెబితే లాభం లేదు కాబట్టి ఒక చిన్న మాడ్యూల్ మీ ముందే కట్టి చూపిస్తాను. పేరు "పోయిన వస్తువుల గది".

ఒక పెద్ద నగరం. అందులో ఒక బస్ డిపో. జనం బస్సుల్లో మరిచిపోయిన సామాను పెట్టే గది ఒకటి అక్కడ ఉంటుంది. గది చివర్లో డిపో కంటే పాత అల్మరా ఒకటి, దాన్ని చూసుకునే ఒక జీవి. దాన్ని కాపరి అందాం. పాత ఒప్పందం ప్రకారం ఏడాది పాటు ఎవరూ అడగని వస్తువు కాపరిదవుతుంది, ఆ వస్తువుతో ముడిపడిన జ్ఞాపకం కూడా. పాత గొడుగునో చేతి గడియారాన్నో మరిచిపోతే ఎవరికీ పట్టదు కాబట్టి ఇన్నేళ్లూ ఈ సంగతి ఎవరి దృష్టికీ రాలేదు. ఈ మధ్య కౌంటర్ గుమాస్తా ఒక కిటుకు కనిపెట్టాడు. ఒక మనిషి గుర్తింపు కార్డునో, పేరు చెక్కిన ఉంగరాన్నో తేదీ వెనక్కి వేసి ఆ అల్మరాలో పెడితే, లోకం ఆ మనిషినే మరిచిపోతుంది. దీన్ని అతను డబ్బుకి అమ్ముతున్నాడు. కొనేవాళ్లలో ఎక్కువమంది తమంతట తామే మాయమవ్వాలనుకున్నవాళ్లు: అప్పులు తీర్చలేనివాళ్లు, కొట్టే భర్త నుంచి పారిపోయినవాళ్లు. కానీ ఒక అమ్మాయి కార్డుని ఆమెకు తెలియకుండా ఆమె అన్న తెచ్చి ఇచ్చాడు, ఆస్తిలో వాటా ఎగ్గొట్టడానికి. ఆట మొదలయ్యేసరికి కన్నతల్లి కూడా ఆమెని గుర్తుపట్టడం లేదు.

ఇప్పుడు మీ ప్లేయర్లు చేసిన మూడు పనులూ ఇక్కడ చేయనిద్దాం.

పోలీసులకి ఫోన్ చేస్తారు. ఫోనెత్తుతారు. మర్యాదగా మాట్లాడతారు, ఫిర్యాదు రాసుకుంటారు. మర్నాడు వెళ్లి అడిగితే రిజిస్టరులో ఆ ఎస్సై చేతిరాతతోనే ఎంట్రీ ఉంటుంది, ఆయనకి మాత్రం ఆ ఎంట్రీ రాసినట్టే గుర్తుండదు. తన రాత చూసి ఆయనే బిక్కమొహం వేస్తాడు. సీసీటీవీ అడుగుతారు. ఇవ్వండి. అందులో అమ్మాయి మొహం స్పష్టంగా కనిపిస్తుంది, చూపు తిప్పగానే చూపించిన సెక్యూరిటీ గార్డు "ఏం చూస్తున్నాం మనం?" అంటాడు. అంటే ఈ నగరంలో కాగితం మరిచిపోదు, కెమెరా మరిచిపోదు, మనుషులే మరిచిపోతారు. ఈ సూత్రం ప్లేయర్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఫోను, కెమెరా వాడినందుకే వాళ్లకి దొరుకుతుంది.

మీ మాడ్యూల్‌లో నేను మొదట మార్చమనేది ఇదే. ఈ కాలపు మనిషి సహజంగా చేసే పనుల జాబితా ఒకటి రాసుకోండి: ఫోన్ చేయడం, ఇంటర్నెట్‌లో వెతకడం, ఫొటో తీయడం, పోలీసు, ఆసుపత్రి, క్యాబ్ పిలవడం. ఒక్కొక్కదానికీ ఎదురుగా "ఇది చేస్తే ఏం తెలుస్తుంది" అని ఒక వాక్యం. "ఇది ఎందుకు పనిచేయదు" అని రాయకండి. దేనికైనా సమాధానం దొరక్కపోతే లోపం మూల ఆలోచనలోనే ఉన్నట్టు, ఫోన్‌లో సిగ్నల్ తీసేసి దాన్ని కప్పిపుచ్చలేరు.

ఇక రెండో గోడ, బంధాలు. "మనకేం పని" అన్న ఆవిడ సంగతి చూద్దాం. ఆవిడ అడిగినదాంట్లో తప్పేం లేదు, సమాధానం మీ మాడ్యూల్‌లో లేదంతే. డంజన్‌కి వచ్చే పాత్ర నిధి కోసం వస్తుంది. నగరంలో ఉండే పాత్రకి ఉద్యోగం ఉంటుంది, అద్దె ఉంటుంది, పొద్దున్నే లేవాలి. "మీరంతా ప్రైవేట్ డిటెక్టివ్‌లు" అనేయడం ఒక దారి. పనిచేస్తుంది, నాకు పెద్దగా నచ్చదు, ఎందుకంటే కేసు వదిలేస్తే డిటెక్టివ్‌కి పోయేది ఫీజు ఒక్కటే. నేనైతే పాత్రల్ని తయారు చేసుకునేటప్పుడే ప్రతి ప్లేయరునీ ఒక ప్రశ్న అడుగుతాను: "నువ్వు పోగొట్టుకుని, వెతకడం మానేసిన వస్తువు ఏది? అది ఎవరిచ్చారు?" ఏ సమాధానం చెప్పినా సరే, ఆ వస్తువు ఇప్పుడు కాపరి అల్మరాలో ఉంది. ఆ అమ్మాయి ఈ ప్లేయర్ల పాత్రలకి మాత్రమే ఎందుకు గుర్తుంటోందన్న దానికి కారణం కూడా అదే. వాళ్లలో ఒక ముక్క ఇప్పటికే ఆ గదిలో ఉంది కాబట్టి ఆ మరుపు వాళ్ల మీద సగమే పనిచేస్తుంది. ఒకే ప్రశ్న, అటు బంధాన్నీ ఇటు రహస్యాన్నీ కలిపేస్తుంది. ప్లేయర్లు ఆట మొదట్లో సరదాగా చెప్పిన వస్తువు మూడో గంటలో అల్మరాలో కనబడినప్పుడు టేబుల్ దగ్గర మాట పడిపోతుంది. నేను నడిపిన ఆటల్లో ఇంత తక్కువ శ్రమకి ఇంత ఫలితం ఇచ్చిన ఎత్తు ఇంకోటి లేదు.

గదుల బదులు మనుషుల్ని రాయమని నగరపు ఆటల గురించి అందరూ చెబుతారు. ఎలా రాయాలో చెప్పేవాళ్లు తక్కువ. మీ మాడ్యూల్‌లో ఒక పాత్ర ఇలా ఉంది: "గుమాస్తా. 52 ఏళ్లు. బట్టతల, సోడాబుడ్డి కళ్లద్దాలు. పిసినారి. ఏదో దాస్తున్నాడు." ఈ నాలుగు ముక్కలతో జీఎం ఏం చేయగలడు? ప్లేయరు వచ్చి బెదిరిస్తే ఈ మనిషి ఏం చేస్తాడు? లంచం ఇస్తే? ఏడిస్తే? బట్టతల వీటిలో ఒక్కదానికీ సమాధానం చెప్పదు. నా మాడ్యూల్‌లో గుమాస్తాని ఇలా రాస్తాను:

"గుమాస్తా. కావాల్సింది: ఇంకో ఆరుగురికి ఈ పని చేసిపెట్టి వచ్చిన డబ్బుతో నగరం వదిలిపోవడం. భయం: కాపరికి కోపమొచ్చి తన పేరే అల్మరాలోకి పోతుందని, అందుకే తన గుర్తింపు కార్డు ఒంటి మీద నుంచి తీయడు, స్నానానికి వెళ్లినా. తేలిగ్గా చెప్పేది: అల్మరా తాను రాకముందు నుంచే ఉందని. గట్టిగా అడిగితే చెప్పేది: 'వాళ్లే కోరుకున్నారు సార్, నేనేం బలవంతం చేయలేదు.' ఎప్పటికీ చెప్పనిది: ఆ అమ్మాయి కోరుకోలేదని తనకి తెలుసు. బెదిరిస్తే: ఆ రాత్రే అన్నకి ఫోన్ చేస్తాడు. జాలి చూపిస్తే: రిజిస్టరు తీసి చూపిస్తాడు."

పొడవు పెద్దగా పెరగలేదు. కానీ ప్లేయరు ఎటునుంచి వచ్చినా జీఎం దగ్గర జవాబు ఉంది. రూపురేఖల్లో ఉంచినవి కూడా పనికొచ్చేవే: కార్డు ఒంటి మీద నుంచి తీయడన్నది వర్ణన, క్లూ, బలహీనత మూడూ. మనుషుల మధ్య లావాదేవీల్ని రూలుగానే పెట్టిన ఆటలు కూడా ఉన్నాయి. అర్బన్ షాడోస్‌లో ఎవరు ఎవరికి ఎన్ని సాయాలు బాకీ ఉన్నారో లెక్క రాసి ఉంచుతారు, ఆ బాకీ వసూలు చేసుకోవడమే ఒక ఎత్తుగడ. మీ సిస్టమ్ ఏదైనా ఈ అలవాటు అరువు తెచ్చుకోవచ్చు. ప్రతి ఎన్‌పీసీ (జీఎం నడిపే పాత్ర) పక్కనా "పార్టీకి (ప్లేయర్ల జట్టుకి) ఏమివ్వగలడు, బదులుగా ఏం అడుగుతాడు" అని ఒక లైను ఉంటే చాలు.

ఇలాంటి మనుషులు ఒక చిన్న మాడ్యూల్‌కి ఐదారుగురు సరిపోతారు. మీ ప్రతిలో పద్దెనిమిది మంది ఉన్నారు. సగం మందిని తీసేయండి, మిగిలినవాళ్లలో కొందరిని కలిపేయండి. పుస్తకంలో చదవడానికి బాగానే ఉంటుంది కానీ టేబుల్ దగ్గర ఏడో పేరు ఎవరికీ గుర్తుండదు.

క్లూల విషయానికొస్తే, మీ ప్లేటెస్టు ఆగిపోయిన రెండో చోటు ఇదే. లైబ్రరీలో పాత పటం దొరికితేనే సొరంగం సంగతి తెలుస్తుంది. ఆ పటం దొరకాలంటే ఒక రోల్ (డైస్ వేసి తేల్చడం) గెలవాలి. గెలిచే అవకాశం 60 శాతం అనుకున్నా, నలభై శాతం టేబుళ్లలో కథ అక్కడే నిలిచిపోతుంది. అసలు లైబ్రరీకే వెళ్లని వాళ్లని ఇందులో కలపలేదు. అలెగ్జాండ్రియన్ అనే బ్లాగులో జస్టిన్ అలెగ్జాండర్ 2008లో రాసిన సూత్రం చాలామంది జీఎంలకి నోటికి వచ్చిందే: ప్లేయర్లు ఏ నిర్ణయానికి రావాలని మీరు కోరుకుంటారో, దానికి కనీసం మూడు క్లూలు పెట్టండి. లెక్క చూసినా అర్థమవుతుంది. అదే 60 శాతం రోల్ వెనక విడివిడిగా మూడు క్లూలుంటే మూడూ తప్పిపోయే అవకాశం ఆరు శాతం చిల్లర.

నేను ఇంకో అడుగు ముందుకు వేస్తాను. కథ ముందుకు సాగడానికి తప్పనిసరైన క్లూకి రోల్ పెట్టనే వద్దు. 2007లో మొదలైన గమ్‌షూ సిస్టమ్ ఈ ఆలోచన మీదే నిలబడింది. సరైన నైపుణ్యం ఉన్న పాత్ర సరైన చోట వెతికితే క్లూ ఇచ్చేయాలి, రోల్ అడగకూడదు. క్లూ దొరికిందా లేదా అన్నదానికంటే, దొరికాక దాన్నేం చేసుకుంటారన్నదే ఆట. మరి డైస్ ఎందుకంటారా? క్లూ ఎంత శుభ్రంగా దొరికిందో తేల్చడానికి. రోల్ ఓడితే రిజిస్టరు దొరుకుతుంది, కానీ చూస్తుండగా గుమాస్తా తిరిగొస్తాడు.

మన మాడ్యూల్‌లో "దారి బస్ డిపోకి వెళుతుంది" అన్నది ప్లేయర్లకి తెలిసి తీరాలి. ఒకటి, అమ్మాయి పర్సులో చిరిగిన రసీదు ముక్క, మీద నంబరు. రెండు, ఆమె ఇంటి వీధి కెమెరాలో అన్న ఆమె కార్డు జేబులో వేసుకుని డిపో బస్సెక్కడం. మూడు, లోకం మరిచిపోయిన ఇంకో ముసలాయన రోజూ రాత్రి డిపో గేటు దగ్గరికొచ్చి నిలబడతాడు, ఎందుకొస్తున్నాడో ఆయనకే తెలియదు. ఒకటి వస్తువు, ఒకటి రికార్డు, ఒకటి మనిషి. కావాలనే ఇలా మూడు రకాలుగా పెట్టాను. మూడూ వస్తువులే అయితే వెతకడం ఇష్టంలేని టేబుల్‌కి మూడూ తప్పిపోతాయి, అప్పుడు పై లెక్కంతా గాలికి పోతుంది. మనుషులతో మాట్లాడటం ఇష్టపడే ప్లేయర్లకి మనిషి, కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకి రికార్డు, సోదా చేసేవాళ్లకి వస్తువు.

మూడో గోడ సమయం. మీ మాడ్యూల్‌లో విలన్ చివరి గదిలో ప్లేయర్ల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. డంజన్‌లో అది చెల్లుతుంది, నగరంలో చెల్లదు. ప్లేయర్లు ఏమీ చేయకపోతే ఏమేం జరుగుతుందో వరసగా రాసి పెట్టండి. మాన్‌స్టర్ ఆఫ్ ద వీక్ ఆటలో ప్రతి మిస్టరీకీ ఆరు మెట్ల కౌంట్‌డౌన్ రాయమంటారు, పగటితో మొదలై అర్ధరాత్రితో ముగిసేలా. బ్లేడ్స్ ఇన్ ద డార్క్‌లో అయితే గడియారంలా గీసిన వృత్తాన్ని నాలుగు, ఆరు లేదా ఎనిమిది ముక్కలు చేసి ఒక్కొక్కటే నింపుతారు. ఏ పద్ధతైనా మంచిదే. నా అభిప్రాయం అడిగితే ఆ వృత్తాన్ని టేబుల్ మధ్యలో అందరికీ కనబడేలా పెట్టమంటాను. జీఎం తెర వెనక దాచిన గడియారం ఎవరినీ తొందరపెట్టదు.

మన ఆరు మెట్లు ఇలా ఉంటాయి. అమ్మాయి అద్దె గదిని ఓనరు ఇంకొకరికి ఇచ్చేస్తాడు. పార్టీకి సాయం చేసిన ఎస్సై వాళ్లని గుర్తుపట్టడు. ఒక పాత్ర తాలూకు దగ్గరి మనిషి ఆ పాత్ర పేరు మరిచిపోతాడు. ఒక బస్ స్టాప్‌లో బస్సులు ఆగడం మానేస్తాయి, అలాంటి స్టాపు ఉందని డ్రైవర్లెవరికీ గుర్తుండదు. ఆ వీధిలో ఇల్లు అంటుకుంటే ఫైరింజన్ రాదు, వీధి పేరు చెప్పినా అవతలివాళ్ల చెవికి ఎక్కదు. చివరి మెట్టులో అమ్మాయి తన పేరు తానే మరిచిపోతుంది, కాపరి అల్మరా దాటి బయటికొస్తుంది.

మూడో మెట్టు దగ్గర ఆగి చూడండి. అప్పటిదాకా ఇది ఎవరో అమ్మాయి సమస్య. అక్కడితో ప్లేయర్ల ఇంటి సమస్య అవుతుంది. "ఇంటికి పోదాం" అన్న ఆవిడ నిజంగానే ఇంటికి పోయిందనుకోండి, అడ్డుకోకండి. తలుపు తీసిన మనిషి "ఎవరు కావాలండీ?" అని అడుగుతారు. దారిలో రాక్షసుణ్ణి దింపే అవసరం మీకు రాదు. గడియారం ఎప్పుడు ముందుకు జరగాలో కూడా స్పష్టంగా రాయండి: రాత్రి గడిచినప్పుడల్లా ఒక ముక్క, పార్టీ జనం మధ్య గొడవ చేస్తే ఇంకోటి. "జీఎంకి తోచినప్పుడు" అని రాస్తే చాలామంది జీఎంలు మొహమాటపడి అసలు జరపరు.

చోట్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఐదు చాలు. ఒక్కొక్క చోటు పగలు ఎలా ఉంటుంది, రాత్రి ఎలా ఉంటుంది, అక్కడ సాక్షులుంటారా లేదా అన్నది రాయండి. నగరం మొత్తానికి మ్యాపు గీయకండి, ఎవరూ వాడరు. అసలు నగరం పేరే పెట్టకుండా "నది మీద పాత వంతెన", "రాత్రంతా తెరిచి ఉండే ఆసుపత్రి" అని పనిని బట్టి పిలిస్తే, మాడ్యూల్ కొన్నవాళ్లు తమ సొంత నగరాన్ని అందులో పెట్టుకుంటారు. తనకి తెలిసిన వంతెన కింద ఏదో ఉందంటే ప్లేయరుకి కలిగే భయం మీరెంత వర్ణించినా రాదు.

చివరి పోరాటం సంగతి. మీరు పెట్టిన సొరంగం తెలివైనదే, ఎందుకంటే అక్కడ సాక్షులుండరు, అంటే మళ్లీ డంజన్‌కి వెళ్లిపోయారు. తప్పని అనను. కానీ ఈ జానర్‌లో అసలు రుచి, గెలిస్తే ఏం పోగొట్టుకోవాలన్న దగ్గర ఉంటుంది. అల్మరా పగలగొడితే అమ్మాయి అందరికీ గుర్తొస్తుంది. ఆమెతో పాటు, దాక్కోవాలని డబ్బిచ్చి మరుపు కొనుక్కున్నవాళ్లందరూ గుర్తొస్తారు, వాళ్లని వెతికేవాళ్లకి కూడా. ఒక్క అమ్మాయి కార్డునే తీయాలంటే ఆ ఖాళీలో ఇంకొకరి వస్తువు పెట్టాలి. అన్న కార్డు పెడతారా? తమ వస్తువుల్లో ఒకటి వదులుకుంటారా? గుమాస్తా మెడలోది లాగుతారా? ఏది సరైన ముగింపో మాడ్యూల్‌లో రాయకండి. ఒక్కో దారికి మర్నాడు పొద్దున్న ఏం జరుగుతుందో మూడు నాలుగు వాక్యాల్లో రాసి వదిలేయండి. కాపరితో కొట్లాటకి దిగే టేబుల్ కోసం దాని బలాబలాల అంకెలు ఇవ్వాల్సిందే, కానీ అర పేజీ మించకుండా.

ఇక్కడ ఒక జాగ్రత్త. కన్నతల్లి బిడ్డని గుర్తుపట్టకపోవడం అన్నది, ఇంట్లో మతిమరుపు జబ్బుతో ఉన్న పెద్దవాళ్లని చూసుకుంటున్న ప్లేయరుకి ఆట కాదు. హింస నుంచి పారిపోయినవాళ్ల ప్రస్తావన కూడా అంతే. మాడ్యూల్ మొదటి పేజీలోనే ఈ విషయాలున్నాయని చెప్పండి. ఏవి అసలు రాకూడదు, ఏవి తెర వెనక జరగొచ్చు అని ముందే మాట్లాడుకునే "లైన్స్ అండ్ వెయిల్స్" పద్ధతి, టేబుల్ మధ్యలో ఎక్స్ గుర్తు ఉన్న కార్డు పెట్టి ఎవరైనా దాన్ని తాకితే ఆ సీను ఆపేసే ఎక్స్-కార్డ్ పద్ధతి, రెండూ ఈ రోజుల్లో మామూలే. భయం మీద నడిచే ఆటలో ఇవి ఉంటే ప్లేయర్లు ఇంకాస్త ధైర్యంగా లోపలికి వస్తారు, నేను చూసినంతలో వీటివల్ల భయం తగ్గిన టేబుల్ లేదు.

సిస్టమ్ గురించి. మీరు డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్) ఐదో ఎడిషన్‌లో రాశారు. మార్చి తీరాలని చెప్పను, కానీ ఆ రూల్స్‌లో ఎక్కువ భాగం పోరాటానికే. ఐదో లెవెల్ పాత్రల్ని నేటి నగరంలోకి దింపితే తుపాకీ పట్టుకున్న గార్డుని చూసి ఎవరూ వెనకడుగు వేయరు, అప్పుడు నేను పైన చెప్పిన మూడు గోడలూ పలచబడతాయి. అందులోనే ఉండాలంటే పాత్రల్ని ఒకటి నుంచి మూడో లెవెల్ మధ్య ఉంచండి. మామూలు మనుషులు చీకట్లోకి తొంగిచూసే కథ కావాలంటే, 1981 నుంచి శాతాల డైస్ మీద నడుస్తున్న కాల్ ఆఫ్ కతుల్హు అనే ఆట పద్ధతి ఈ కథకి బాగా అతుకుతుంది. మీ మాడ్యూల్‌లో మనుషులు, క్లూలు, గడియారం గట్టిగా ఉంటే సిస్టమ్ మార్చడం ఒక సాయంత్రం పని, అందుకే దాన్ని చివరికి వాయిదా వేయమంటున్నాను.

రాత విషయంలో మీకు పట్టుబడనిది ఒకటుంది: మీ బాక్స్ టెక్స్టులు కథలా ఉన్నాయి. జీఎం పైకి చదవాల్సిన ముక్క అర పేజీ ఉంటే రెండో వాక్యం తర్వాత ప్లేయర్లు ఫోన్లు చూసుకుంటారు. మూడు వాక్యాలు, అందులో ఒకటి వాళ్లని ఏదో చేయించేలా ఉండాలి. డిపో గదికి నేను రాసేది ఇంతే: "ట్యూబ్‌లైట్ ఒకటే వెలుగుతోంది. వరసల నిండా గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు, అన్నిటికీ చీటీలు. చివరి అరలోని చీటీ మీద నీ చేతిరాత ఉంది." ఎవరి చేతిరాత అని ఒకరు అడుగుతారు, ఇంకొకరు అప్పటికే చెయ్యి చాపుతారు. పాత్రల మనసులో ఏముందో మాత్రం బాక్సులో రాయకండి. "మీకు భయమేసింది" అన్న వాక్యం మీ ప్రతిలో చాలాచోట్ల ఉంది. భయపడాలో లేదో ప్లేయరు చూసుకుంటాడు.

తర్వాతి ప్లేటెస్టు మీరు నడపకండి. ఇంకో జీఎంకి కాగితాలిచ్చి పక్కన కూర్చోండి, నోరు విప్పకండి. ఆయన ఎక్కడ పేజీలు వెనక్కి తిప్పుతున్నాడో, ఎక్కడ మీ వైపు చూస్తున్నాడో గుర్తు పెట్టుకోండి. మాడ్యూల్‌లో లేనిదీ మీ బుర్రలో మాత్రమే ఉన్నదీ అక్కడే బయటపడుతుంది. నిడివి అడిగారు కదా, నాలుగు గంటల వన్-షాట్‌లో (ఒకే విడతలో ముగిసే ఆటలో) ఐదారు సీన్లకి మించి పట్టవు. మీ పన్నెండు సీన్లని అలాగే ఉంచాలనుకుంటే మూడు సెషన్ల మాడ్యూల్ అని అట్ట మీదే రాయండి.

అమ్మకానికి పెట్టే ఆలోచన ఉందన్నారు. డీ అండ్ డీ ఐదో ఎడిషన్ రూల్స్‌లో ఎస్ఆర్‌డీ 5.1 అనే భాగాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ సీసీ-బై 4.0 లైసెన్స్ కింద విడుదల చేశారు. మూలం ఎవరిదో పేర్కొంటే అందులోని రూల్స్ వాడుకుని స్వేచ్ఛగా అమ్ముకోవచ్చు. కానీ మీ రెండో అధ్యాయంలో కాపలా ఉన్న ఒంటికన్ను జీవి ఆ ఎస్ఆర్‌డీలో ఇచ్చిన రాక్షసుల్లో లేదు, అది ప్రచురణకర్త తన దగ్గరే అట్టిపెట్టుకున్న వాటిలో ఒకటి. దాని బదులు సొంత జీవిని పెట్టండి, పేరూ రూపమూ రెండూ మార్చి. వాంపైర్ లోకంలో రాయాలనుకుంటే దారి వేరు. దానికి స్టోరీటెల్లర్స్ వాల్ట్ అనే అధికారిక వేదిక ఉంది, అక్కడి షరతులకి లోబడి అక్కడే అమ్మాలి. రెండూ కలిపి ఒకే పుస్తకంలో పెట్టడం కుదరదు కాబట్టి, లేఅవుట్ చేసేవాళ్లకి డబ్బు కట్టకముందే ఏ దారో తేల్చుకోండి. కొత్త ప్రతి సిద్ధమయ్యాక మనుషుల జాబితా, గడియారం ఉన్న పేజీలు రెండూ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.